తుప్పు మాస్టారు

మాస్టారు పోయారన్న సంగతి నాకు బుధవారం పొద్దున పదిన్నర టీ బ్రేకులో తెలిసింది. అప్పటిదాకా ఓడ అడుగున ట్యాంకులో ఉన్నాను. అక్కడ ఫోను పనిచెయ్యదు. పైకొచ్చి మాస్కు తీసి, టీ పక్కన పెట్టుకుని ఫోను చూస్తే, సింగపూర్ యూ టీ పేటలో ఆయన పక్క ఫ్లాట్లో ఉండే మేడంగారి వాట్సాప్ స్టేటస్ కనిపించింది. మాస్టారి ఫొటో, చుట్టూ గులాబీలు, కింద ఇంగ్లీషులో ఓ పేరా. మా ప్రియమైన ఫ్రెంచ్ అంకుల్ ఇక లేరు, గొప్ప కళాకారుడు, నన్ను సొంత కూతురిలా ఆప్యాయంగా ‘ఏమే’ అని పిలిచేవారు, అని. ఆదివారం రాత్రి ఆసుపత్రిలో చేర్చారట, పోయి అప్పటికి రెండు రోజులైందట. దహనం కూడా అయిపోయింది. నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నేనాయనకి చుట్టాన్ని కాను.

చదివాక నాకు ముందు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఆ ‘ఏమే’ కథ నాకు తెలుసు కాబట్టి. టీ పారబోసి మళ్ళీ ట్యాంకులోకి దిగిపోయాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. కానీ మాస్టారి గురించి తియ్యగా రాస్తే ఆయనకే కడుపులో తిప్పుతుంది. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన వెధవ పని కూడా ఉంది. చదివేవాళ్ళు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

నా గురించి రెండు ముక్కలు. మాది శ్రీకాకుళం జిల్లా. ఇరవై రెండేళ్ళుగా సింగపూర్ పడమటి కొసన తువాస్‌లో ఓ ఓడల యార్డులో పెయింటింగ్ సెక్షన్లో ఉన్నాను. మొదట్లో సుత్తి పట్టుకుని తుప్పు రాలగొట్టాను. ఇప్పుడు పద్నాలుగు మంది మీద సూపర్‌వైజర్ని. మా పనంతా తుప్పుని చంపడమే. తుప్పుని గోకి, ఉప్పుని మంచినీళ్ళతో కడిగి, ఇనుము తెల్లగా మెరిసేదాకా తోమి, ఆ తర్వాతే ప్రైమరు, అంటే అడుగు పూత, వెయ్యాలి. తుప్పు మీద రంగు పూసేసి మధ్యాహ్నం కునుకు తీసేవాణ్ణి నేను మనిషి కింద లెక్కపెట్టను. అలాంటి బద్ధకస్తుల్ని ఎంతమందిని తిట్టి ఉంటానో నాకే గుర్తులేదు.

మాస్టారిని మొదటిసారి చూసింది పదకొండేళ్ళ కిందట, ఓ ఆదివారం పొద్దున, లిటిల్ ఇండియా వైపు చేపల మార్కెట్లో. పొడుగాటి తెల్లాయన, ఎండకి కమిలిన మెడ, మోకాళ్ళ దాకా నిక్కరు, రంగు మరకల చొక్కా. ఓ చేపని మొప్ప పట్టి ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, అచ్చమైన తెలుగులో అన్నారు: “ఇది సేప కాదురా, శవం. థూ.”

నేను నోరు తెరుచుకుని చూశాను. తెల్లవాడు తెలుగు మాట్లాడటం అదే చూడటం, అందులోనూ గోదారి లంకల్లో వల విసిరేవాళ్ళ తెలుగు.

“మీకు తెలుగెలాగొచ్చండి?” అనడిగాను.

ఆయన చేపని పక్కన పడేశారు. నా చెయ్యి లాక్కుని, చేపని చూసినట్టే దాన్నీ వాసన చూశారు. “థిన్నరు. పెయింటరువా?”

“అవునండి. ఓడలకండి.”

“నేనూ పెయింటర్నే. ఓడలకి కాదు. రా, నువ్వు మంచి సేప ఏరి పెట్టు. ఈల్లు నా తెల్ల మొకం సూసి కుళ్ళిందే ఇత్తారు.”

ఆ రోజు చేప ఏరిచ్చి, ఆయనతో రైలెక్కి యూ టీ దాకా వెళ్ళి, పులుసు కూడా నేనే పెట్టాను. తర్వాత ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. డార్మిటరీలో పన్నెండు మంది ఉండే గది నుంచి ఒక్క పూట తప్పించుకోవడానికి వెళ్ళేవాణ్ణని మొదట్లో అనుకునేవాణ్ణి. ఆయన ఇంటికంటే మా గదే నయం. తలుపు తియ్యగానే రంగుల్లో కలిపే లిన్సీడు నూనె, టర్పెంటైను, తడి గుడ్డలు ముక్కిన వాసన. బల్ల మీద బూజు పట్టిన చీజు. పారెయ్యబోతే చెయ్యి మీద కొట్టారు. వాళ్ళ దేశంలో దాన్ని కావాలనే బూజు పట్టిస్తారట. రంగు తుడిచిన గుడ్డతోనే ముక్కు చీదేవారు. అన్నం వండే గిన్నెలో బ్రష్షులు కడిగేవారు. నేనో కొత్త గిన్నె తెచ్చి ‘ఇది అన్నానికి’ అని మార్కరుతో రాశాను. మూడో వారానికి దాని అడుగున నీలం రంగు. నేను తినకుండా లేచిపోతే, ఆయన ఆ నీలం పక్కనుంచే అన్నం తోడుకుని తిన్నారు.

ఇలాంటి మనిషి ఒకప్పుడు పారిస్ పేపర్లలో పడ్డ చిత్రకారుడంటే నేను నమ్మలేదు. కాన్వాసులు గోడకి వీపు తిప్పి నిలబెట్టి ఉండేవి, కట్టలు కట్టలుగా, ఒక్కో ఊరికి ఒక్కో కట్ట. పులుసు ఉడుకుతుంటే నేను ఒక్కోటీ తిప్పి చూసేవాణ్ణి. ఆయన చిరాకు పడుతూనే ఆ ఊరి కథ చెప్పేవారు. అలా కొన్నేళ్ళు పట్టింది నాకాయన బతుకు తెలియడానికి.

పుట్టింది ఫ్రాన్సులో పడమటి తీరాన ఓ రేవులో. తండ్రి పడవలకి తారు పూసేవాడు. పారిస్‌లో బొమ్మల బడిలో చేరి ఏడాదిన్నరకి మానేశారు. అక్కడ పొద్దస్తమానం నిమ్మకాయలు గీయించేవారట. “నిమ్మకాయకి నా వల్ల అన్యాయం జరుగుతోందని వచ్చేశాను” అనేవారు. ఇరవై రెండో ఏట ఓడెక్కి ఇండియా వచ్చారు. అప్పటికి యానాంలో ఫ్రెంచి జెండా దిగిపోయి కొన్నేళ్ళయింది. ఫ్రెంచి వచ్చిన ముసలాళ్ళు ఇంకా ఉన్నారని ఎవరో చెబితే వెళ్ళి, ఆ ముసలాళ్ళని వదిలేసి చేపలవాళ్ళతో కలిసిపోయారు. రెండేళ్ళున్నారు. తెలుగంతా వాళ్ళ దగ్గర నేర్చిందే. ఆ తర్వాత ఎన్ని దేశాలు తిరిగినా మనసులో తిట్టుకోవడానికి మాత్రం తెలుగే వాడుకున్నారట.

యానాంలో ఆయన వేసినవన్నీ బురద బొమ్మలు. గోదారి సముద్రంలో కలిసేచోట పోటుకి ఒక రంగు, పాటుకి ఒక రంగు మారే బురద. నలభై కాన్వాసులు పారిస్ పట్టుకెళ్ళారు. బొమ్మలమ్మే దుకాణం ఆయన చూసి, “ఇండియా దాకా వెళ్ళి బురద తెచ్చావా? తలపాగాలేవి? ఏనుగులేవి?” అన్నాడట.

“యానాంలో ఏనుగెక్కడిదిరా?” అని మాస్టారు నన్ను నిలదీశారు, ఆ దుకాణందారు నేనే అన్నట్టు.

ఆకలికి తట్టుకోలేక ఓ సర్కస్ పోస్టరు చూసి ఒక ఏనుగు వేశారు. వారంలో అమ్ముడుపోయింది. తర్వాత మరో ఏనుగు. తలపాగాలు. తామరపువ్వులు. తూర్పు దేశాల ఆత్మని పట్టుకున్న చిత్రకారుడని పేపర్లు రాశాయి. రెండేళ్ళు అలా వెలిగారు. ఓ పొద్దున బొమ్మ ముందు నిలబడితే డోకు వచ్చిందట, నిజంగానే, రంగులు కలిపే పాలెట్ మీదే. మర్నాడు ఓడెక్కేశారు. ఆ మొదటి ఏనుగు ఏదో పెద్ద హోటల్ హాల్లో ఇంకా వేలాడుతోందట. దాని మాటెత్తితే ఆయన నోరు పట్టలేం.

అక్కణ్ణుంచి డకార్, వల్పరైసో, హైఫాంగ్, మనీలా. రేవు లేని ఊళ్ళో ఒక్క నెల కూడా ఉండలేదు. ఒకచోట సున్నం కొట్టిన గోడలే వేశారు. ఒకచోట కొండ మీద రేకుల ఇళ్ళని రంగు రంగుల చదరాలుగా వేశారు. ఒకచోట మూడేళ్ళు వాన తప్ప ఇంకేమీ వెయ్యలేదు. ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి బాగుందనేవారు, ఇలాంటివే ఇంకో పది కావాలనేవారు. ఆయన పెట్టె సర్దుకునేవారు. “నచ్చిందన్నారంటే ఆ ఊరికి దణ్ణం పెట్టాలిసిందే” అన్నది ఆయన మాట.

నాకా మాటకి ఒళ్ళు మండింది ఓసారి. “మాస్టారూ, మాకూ చాలా అసయ్యంగానే ఉంటాదండి. ట్యాంకులో దిగితే ఊపిరాడదు, గదిలోకెళితే పడుకోడానికి చోటుండదు. అయినా ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే పడున్నాం. ఎటెల్తామండి?” అన్నాను.

ఆయన ముల్లు ఏరి పళ్ళెం అంచున పెట్టారు. “నిజమేరా. అసయ్యించుకోడానికి కూడా టికెట్టు కావాల” అన్నారు. ఆ తర్వాత నా దగ్గర ఊళ్ళు మారిన గొప్ప ఎప్పుడూ చెప్పుకోలేదు.

మనీలాలో పరిచయమైన ఓ సింగపూర్ నర్సుని పెళ్ళి చేసుకుని ఆయన ఇక్కడికొచ్చారు. నేను ఎరిగేనాటికే ఆవిడ పోయారు. ఫ్రిజ్ మీద ఫొటో ఉండేది. వచ్చిన కొన్నాళ్ళకి ఆయన మళ్ళీ ఊరు మారదామంటే ఆవిడ, “నేను రాను. నీకు అసహ్యం వేస్తే కారిడార్లోకి వెళ్ళి నిలబడు” అన్నారట. ఆయన నిలబడ్డారు. పదిహేనేళ్ళు ఏ బొమ్మా రాలేదు. “ఇక్కడ అన్నీ కడిగేత్తారురా. నేనేం వెయ్యను?” అనేవారు.

ఆ కారిడార్లో నిలబడ్డప్పుడే పక్కింటి మేడంతో గొడవ మొదలైంది. ఆవిడ గుంటూరు వైపు వాళ్ళు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం. తెలుగు మాట్లాడే తెల్లాయన పక్కన ఉన్నాడని మొదట్లో మురిసిపోయారు. ఆయన ఓ రోజు లిఫ్టు దగ్గర ఆప్యాయంగా “ఏమే, అన్నం తిన్నావా?” అన్నారు. చేపలమ్మే అమ్మల దగ్గర నేర్చిన తెలుగులో ఆడవాళ్ళని పిలవడానికి ఆయనకి ఆ ఒక్క మాటే తెలుసు. మేడం మొహం మాడిపోయింది.

“నన్ను పట్టుకుని ఏమే అంటాడా? ఆ ఇంట్లోంచి వచ్చే స్మెల్ చూశారా అసలు? మా వాడికి తుమ్ములు ఆగట్లేదు. నేను టౌన్ కౌన్సిల్‌కి కంప్లెయింట్ పెట్టేస్తున్నా” అని నా మీద విరుచుకుపడ్డారు. వాళ్ళబ్బాయి వెనకనుంచి, “అంకుల్ హౌస్ వెరీ స్మెల్లీ లా, మమ్మీ” అంటున్నాడు. కంప్లెయింట్ పెట్టారు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఫ్లాట్ల బాగోగులు చూసే ఆ ఆఫీసు పంపిన నోటీసులన్నీ మాస్టారు ఫ్రిజ్ తలుపుకి అతికించుకున్నారు. ఆవిడే ఇప్పుడు గులాబీల మధ్య ఫొటో పెట్టి సొంత కూతుర్నంటున్నారు.

ఆయనకి మళ్ళీ బొమ్మలొచ్చింది నా బూట్ల వల్ల. ఓ ఆదివారం ఓవర్‌టైము చేసి తిన్నగా వాళ్ళింటికెళ్ళాను. బూట్లు విప్పితే గడప దగ్గర పొరలు పొరలుగా తుప్పు రాలింది. చీపురందుకోబోతే ఆగమన్నారు. నేల మీద బోర్లా పడుకుని ఆ తుప్పుని గంటసేపు చూశారు, డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. “సముద్రం సొంతంగా ఏసే రంగు ఇదొక్కటేరా. మిగతాయన్నీ డబ్బాలోంచి వచ్చినయ్యే” అన్నారు.

అప్పట్నుంచీ నేనాయనకి తుప్పు మోశాను. ఓడ నుంచి రాలగొట్టింది చెత్తే, అయినా గేటు దగ్గర అడిగితే ఏం చెప్పను? బూట్లలో, సాక్సుల్లో పోసుకుని తెచ్చేవాణ్ణి. మడమలు ఒరుసుకుపోయేవి. మా గదిలో వాళ్ళు ఆయనకి తుప్పు మాస్టారని పేరు పెట్టి పగలబడి నవ్వేవారు. నాకూ సిగ్గుగానే ఉండేది. వారమంతా చంపిన దాన్ని ఆదివారం నాడు మోసుకెళ్ళి ఒకాయనకి కానుకగా ఇవ్వడమేమిటి? ఆయన దాన్ని జల్లించి, కాన్వాసుకి జిగురుతో అద్ది, సముద్రపు నీళ్ళు చల్లి ఆరబెట్టి, మళ్ళీ చల్లేవారు. చిన్న చిన్నవి చాలా వేశారు.

ఆ తర్వాత పెద్దదొకటి మొదలుపెట్టారు. తలుపంత బోర్డుకి బిగించిన కాన్వాసు. ఎనిమిది నెలలు దానికి రోజూ నీళ్ళు చల్లారు. ఎప్పుడడిగినా “ఇంకా మొదలెట్టలేదురా” అనేవారు. ఏ బొమ్మ గురించి అడిగినా చివరి రోజు దాకా ఆయన చెప్పే మాట అదే. నేను దాన్ని పట్టించుకోలేదు. నారింజ, గోధుమ, నలుపు, మధ్యలో పాయలు పాయలుగా ఏవో చారలు.

రెండేళ్ళ కిందట న్యుమోనియా వచ్చి మాస్టారిని ఆసుపత్రిలో చేర్చారు. మొక్కలకి నీళ్ళు పొయ్యమని నాకు తాళం ఇచ్చారు. మొదటి ఆదివారం వెళితే తలుపు కింద కొత్త నోటీసు. బోర్డు నుంచి ఎర్ర నీళ్ళు కారి గుమ్మం దాటి కారిడార్లోకి పోయాయి. మేడం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. “మీరు పెయింటరే కదా, ఏదో ఒకటి చెయ్యండి. లేకపోతే ఇల్లే ఖాళీ చేయించేస్తారు” అన్నారు.

లోపలికెళ్ళి బోర్డు చూశాను. నా కళ్ళకి కనిపించింది చెడిపోయిన పని. ఉప్పు తెల్లగా పూసింది, అట్టలు లేచాయి, ముట్టుకుంటే రాలుతోంది. ఇరవయ్యేళ్ళుగా నేను ఇలాంటిది ఏ ఓడ మీద చూసినా సుత్తి తీసుకునేవాణ్ణి. పాపం, ముసలాయన ఒంట్లో బాగోక చూసుకోలేకపోయాడనుకున్నాను. తిరిగొచ్చేసరికి బోర్డు శుభ్రంగా సిద్ధం చేసి పెడితే సంతోషిస్తాడనుకున్నాను. మొదలే పెట్టలేదన్నాడు కదా.

రెండు ఆదివారాలు పట్టింది. స్క్రేపరుతో గోకాను. వైరు బ్రష్షుతో గుడ్డ నూలు కనబడేదాకా తోమాను. మంచినీళ్ళతో మూడుసార్లు కడిగి, ఫ్యాను పెట్టి ఆరబెట్టి, థిన్నరుతో తుడిచాను. గ్రే ప్రైమరు కొనుక్కొచ్చి, అంచులూ మూలలూ ముందు బ్రష్షుతో పూసుకుని, మిగతాదంతా రోలరుతో రెండు పూతలు వేశాను. రెండు పూతల మధ్యలో సన్న ఎమరీ కాగితం పట్టాను. ఒక్క చోట కూడా కారలేదు, ఒక్క పొక్కు లేదు. అంత శ్రద్ధగా నేను ఏ ఓడకీ వెయ్యలేదు. పని అయ్యాక ఎదురుగా కూర్చుని చాలాసేపు చూసుకున్నాను కూడా.

మాస్టారు కర్ర పట్టుకుని ఇంటికొచ్చిన రోజు నేను సెలవు పెట్టి తోడొచ్చాను. తలుపు తీసి, పక్కకి తప్పుకుని, మెచ్చుకోలు కోసం నిలబడ్డాను. ఆయన బోర్డుని చూశారు. బాత్రూంలోకెళ్ళి వాంతి చేసుకున్నారు. చాలాసేపటికి బయటికొచ్చి, అరచేత్తో దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి నిమిరారు.

“చెయ్యి బావుంది” అన్నారు. “ఇంక పోరా.”

మూడు ఆదివారాలు వెళ్ళలేదు. తప్పు చేశానని తెలుసు కానీ, ఎంత తప్పో తెలియదు. నాలుగో ఆదివారం ఫోను చేసి “సేపలు తెత్తావా?” అన్నారు. పులుసు తింటూ అప్పుడు చెప్పారు. అది యానాం అట. పాయలు పాయలుగా ఉన్నది గోదారి సముద్రంలో కలిసే చోటట. ఇరవై రెండేళ్ళప్పుడు తెలిసీ తెలియక వేసి, ఎవరికీ పట్టక, ఏనుగు కింద పడి నలిగిపోయిన ఆ బురదని అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ పట్టుకోగలిగారట. నేను పళ్ళెం ముందు ఏడ్చాను.

“ఎలకలు తిన్నాయి కొన్నిటిని” అన్నారాయన. “వరదలో పోయాయి కొన్ని. ఒక ఊళ్ళో ఇంటాయన నా బొమ్మతో కోళ్ళ గూడు కట్టాడు. సుబ్బరం సేసి పాడుసేసినవోడివి నువ్వొక్కడివేరా.” అని ఇంకో ముక్క వేసుకున్నారు. ఆ బూడిద రంగు బోర్డుని భోజనం బల్ల ఎదురుగా గోడకి తగిలించారు. నన్ను ఏడిపించడానికే అనుకున్నాను. పారెయ్యమని బతిమాలాను. “నా గోడ మీద ఇంకోడి పని పెట్టుకోటం ఇదే మొదలు. ఉండనీ” అన్నారు. మళ్ళీ పెద్దది మొదలుపెట్టే ఓపిక ఆయనకి రాలేదు. రెండేళ్ళు ప్రతి ఆదివారం నేను దానికెదురుగా కూర్చునే అన్నం తిన్నాను.

ఆమధ్య ఓ గ్యాలరీ ఆయన వచ్చాడు. నార చొక్కా, మెత్తటి గొంతు. కట్టలన్నీ చూసి, చివరికి నా బోర్డు ముందు ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇదే మీ ప్రయాణమంతటికీ గమ్యం అన్నాడు. మాస్టారు నా వైపు చూపించి, అది నాది కాదు, ఇతను వేశాడని ఇంగ్లీషులో చెప్పారు. అతను పెద్ద హాస్యం విన్నట్టు నవ్వాడు. అతను వెళ్ళాక మాస్టారు సింకులో ఉమ్మేసి, “ఏనుగు మళ్ళీ వచ్చింది సూశావా?” అన్నారు.

ఆయన పోయిన నెలకి ఆ గ్యాలరీలోనే సంస్మరణ సభ, ప్రదర్శన పెట్టారు. మేడం స్టేటస్‌లోనే చూశాను. ఆదివారం నాలుగింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. లోపల ఏసీ చలి, సన్న గ్లాసుల్లో వైను. మేడం పట్టుచీరలో ఒక్కో బొమ్మ ముందూ ఫొటో దిగుతున్నారు. యానాం కట్టలోంచి ఒక్కటీ పెట్టలేదు. తుప్పువి రెండే, తలుపు పక్కన. నట్టనడుమ తెల్ల గోడ మీద, దీపాల వెలుగులో, నా గ్రే ప్రైమరు. పక్కన చీటీ మీద మాస్టారి పేరు, కింద ‘చివరి మౌనం’ అని.

నార చొక్కా ఆయన మైకులో మాట్లాడాడు. అన్ని సముద్రాలూ దాటిన యాత్రికుడు చివరికి ఆసియా నిశ్శబ్దంలో రంగుని కూడా త్యజించాడన్నాడు. అందరూ తలలూపారు. ఆ మెరుపు, ఆ నునుపు నావి. దగ్గరికెళితే రోలరు ఒక పట్టీ మీద ఇంకో పట్టీ ఎక్కిన గీతలు కనిపిస్తున్నాయి.

నోరు మూసుకుంటే సరిపోతుంది. ఎనిమిది నెలల బొమ్మని గోకి పారేసినవాణ్ణి నేనేనని లోకంలో ఇంకెవరికీ తెలియదు. చెబితే ఇక మాస్టారి కథలో నాకు మిగిలే పేరు అదే. చెప్పకపోతే, మెచ్చుకోళ్ళకి పెట్టె సర్దుకుని అన్ని ఊళ్ళు పారిపోయిన మనిషి పేరు, ఆయన వెయ్యని దాని మీద ఉండిపోతుంది. ఈసారి ఆయన పెట్టె సర్దుకోలేడు. అయినా నేను పావుగంట నీళ్ళు నమిలాను. నా మీద నాకే రోత పుట్టాక లేచాను.

“సర్, దిస్ నాట్ మాస్టర్ పెయింటింగ్. దిస్ మై ప్రైమర్. టూ కోట్. ఐ స్క్రేప్ హిజ్ పెయింటింగ్, ఐ స్పాయిల్” అన్నాను. గొంతు పెద్దదిగానే వచ్చింది.

 మేడం నా పక్కకొచ్చి మెల్లగా, “ఏంటండీ ఇది, ఇలాంటి టైములో? కూర్చోండి ప్లీజ్” అన్నారు. నార చొక్కా ఆయన మైకు ఆపేసి, నన్ను మూలకి తీసుకెళ్ళి, భుజం మీద చెయ్యేసి, కావాలంటే ఇద్దరి కలయిక అని చీటీ మారుద్దాం, ఒక కార్మికుడి చెయ్యి కూడా ఉందంటే ఇంకా బాగుంటుందన్నాడు. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను. ఇరవై రెండేళ్ళలో చాలా మురికి చూశాను, ఇలాంటిది చూళ్ళేదు.

అప్పటిదాకా వెనక వరసలో కూర్చున్న ఒకాయన లేచొచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. మాస్టారి చెల్లెలి కొడుకు, ఫ్రాన్సు నుంచి వచ్చాడు. బొమ్మలన్నిటికీ ఇప్పుడు ఆయనే వారసుడు. ముక్కు అచ్చం మాస్టారిదే. నా చేతులు చూసి, గోడ మీది గీతలు చూసి, నన్ను నమ్మాడు. నెమ్మదిగా, నాకర్థమయ్యే ఇంగ్లీషులో అడిగాడు. మామయ్య రెండేళ్ళ కిందట ఓ ఉత్తరం రాశాడు, యానాం మొత్తానికి దొరికిందని. అది ఇదేనా?

అవునన్నాను.

ఆయన మొహంలో వెలుగొచ్చింది. నా మోచెయ్యి పట్టుకున్నాడు. పై రంగు తీసేసి కింద బొమ్మని బయటికి తెచ్చేవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు, ఎంత కాలమైనా పట్టనీ, అన్నాడు. కింద ఎంత మిగిలి ఉంటుంది?

నా మనుషుల్లో ఏ బద్ధకస్తుడైనా ఆ పని చేసి ఉంటే అంతా మిగిలేది. గోకకుండా, కడక్కుండా, పైన ఒక్క పూత పూసేసి పడుకునేవాడు. మాస్టారి యానాం ఆ రంగు కింద భద్రంగా ఉండేది.

“నథింగ్, సర్” అన్నాను. “ఐ డూ ప్రాపర్ జాబ్.”

ఆయన నా మోచెయ్యి వదల్లేదు. నన్నలాగే గోడ దాకా నడిపించి, మేకుల మీద నుంచి బోర్డుని తానే దించాడు. నార చొక్కా ఆయన అడ్డొస్తే ఫ్రెంచిలో ఒక్క మాటన్నాడు, అతను తప్పుకున్నాడు. బోర్డు నా చేతికిచ్చి, ఇది నీది కదా, అన్నాడు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మా యార్డువాళ్ళని ఆదివారం సాయంత్రం తువాస్ తీసుకెళ్ళే లారీ వెనక ఎక్కాను. రైల్లో అంత బోర్డు పట్టదు. పైన టాపు ఉన్నా పక్కలు తెరిచే ఉంటాయి. మావాళ్ళు ఇదేటని అడిగారు. తర్వాత చెప్తానన్నాను. బోర్డు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాను. ఎక్స్‌ప్రెస్ వే ఎక్కేసరికి వాన మొదలై, పక్కనుంచి జల్లు కొట్టింది. చినుకులు బూడిద రంగు మీద పడి గుండ్రంగా నిలబడి, లారీ కుదిపినప్పుడల్లా అంచు దాకా దొర్లి, నా ప్యాంటు మీదికి కారిపోయాయి. ఒక్క చుక్క కూడా లోపలికి ఇంకలేదు.